తొమ్మిదో బిళ్ల

కల్వకుర్తి దాటి శ్రీశైలం రోడ్డు మీద రెండు కిలోమీటర్లు పోతే ఒక పీజీ కాలేజీ వస్తుంది. దాని వెనక, సైకిల్ స్టాండుకు ఆనుకొని, ఒకప్పుడు జనరేటర్ ఉన్న గది ఒకటి ఉంది. జనరేటర్ చెడిపోయి పాతసామాన్ల వాడికి పోయాక, గోడలకు సున్నం వేయించి, తలుపు మీద ‘అల్ప ఉష్ణోగ్రతల ప్రయోగశాల’ అని రాయించారు. సుహాసిని మూడేళ్లుగా ఆ గదిలోనే ఉంటోంది. పొద్దున బీఎస్సీ పిల్లలకు పాఠాలు చెప్పడం, మధ్యాహ్నం నుంచి తన పీహెచ్‌డీ పని. సొంతూరు కోస్గిలో ఎవరైనా మీ బిడ్డ ఏం చేస్తోందని అడిగితే వాళ్లమ్మ “సల్లదనం కొలుస్తది” అని చెప్పేది. అంతకన్నా బాగా సుహాసిని కూడా చెప్పలేకపోయేది.

ఆమె కొలిచేది నల్లటి బిళ్లల్ని. యిట్రియం, బేరియం, రాగి ఉన్న పొడులను నూరి, అచ్చులో వేసి నొక్కి, కొలిమిలో కాల్చి చేసినవి. ఒక్కోటి చొక్కా గుండీ అంత. మామూలుగా చూస్తే బొగ్గు ముక్కలే. కానీ సున్నాకు నూట ఎనభై డిగ్రీల కిందికి చల్లబరిస్తే వాటి గుణమే మారిపోతుంది. కరెంటుకు అడ్డు చెప్పవు, అయస్కాంత బలాన్ని తమలోకి అడుగుపెట్టనివ్వవు. వాటినే అతివాహకాలంటారు. ఆ మార్పు సరిగ్గా ఎన్ని డిగ్రీల దగ్గర వస్తుందో పట్టుకోవడమే సుహాసిని పని.

అందుకు ఆమె దగ్గర ఇద్దరు సాక్షులున్నారు. బిళ్లను రాగి దిమ్మెలోని గుంటలో పెట్టి, చుట్టూ రెండు తీగచుట్టలు అమర్చి, అంతా ఒక మూత గొట్టంలోకి దించేది. ఒక చుట్టలోకి కరెంటు పంపితే రెండోదానిలో ఎంత పలుకుతుందో మీటరు చూపిస్తుంది. బిళ్ల అతివాహకంగా ఉన్నంతసేపూ మీటరు కిందికి పడి ఉంటుంది, ఆ గుణం పోగానే పైకి లేస్తుంది. అది అయస్కాంతపు సాక్ష్యం. రెండోది వేడి సాక్ష్యం. దిమ్మెకు సన్నటి హీటరుతో ఒకే తీరుగా వేడి ఇస్తూ పోతే ఉష్ణోగ్రత ఒకే తీరుగా పెరుగుతుంది. లోపలున్న పదార్థం తన స్థితి మార్చుకునే చోట మాత్రం, గతుకులో పడ్డ బండిలా, కాసేపు తడబడుతుంది.

చల్లబరచడానికి ద్రవ నైట్రోజన్ కావాలి. దాన్ని పశువుల దవాఖాన నుంచి, అక్కడే పనిచేసే ఖమర్ తెచ్చిచ్చేవాడు. ఎద్దుల వీర్యం నిలవ ఉంచేందుకు వాళ్ల దగ్గర ఆ డబ్బాలు ఎప్పుడూ ఉంటాయి. ఉత్తరం రాసిస్తే వారానికో డబ్బా ఈ గదికీ వచ్చేది. ఆ డబ్బా మోసేది, దిమ్మెలో పోసేది, గది ఊడ్చేది అంతా అటెండర్ పెద్దులు. అరవైకి దగ్గర పడ్డ మనిషి. ఇన్నేళ్లూ చూసి చూసి మీటరు ఎప్పుడు లేస్తుందో సుహాసిని కన్నా ముందే చెప్పేవాడు.

డిపార్ట్‌మెంటు హెడ్డు, సుహాసినికి గైడు, దివాకర్ సారు. పాఠం చెబితే వెనక బెంచీ వాడు కూడా ఫోను జేబులో పెట్టేవాడు. మనసు మంచిది. ఒక్కటే బలహీనత. ఏ సంగతైనా పేపర్లో జిల్లా పేజీకి ఎక్కితే తప్ప జరిగినట్టు ఆయనకు అనిపించేది కాదు. కాలేజీలో వేప మొక్క నాటినా ఫోటోకు ఒక విలేకరి ఉండాల్సిందే.

ఆ ఏడు, అంటే 2023లో, ఎండాకాలం పోయి వానలు పడే వేళకు కొరియా నుంచి ఒక వార్త వచ్చింది. సీసం, రాగి కలిపిన ఒక పదార్థం ఏ చల్లదనమూ అక్కర్లేకుండా మామూలు గదిలోనే అతివాహకంగా ఉంటుందట. లోకమంతా ఊగిపోయింది. నెల తిరక్కుండానే అది కాదని తేలిపోయింది. అందరూ మరిచిపోయారు, దివాకర్ సారు తప్ప. వాళ్లు దారి తప్పారంతే, దిక్కు మాత్రం సరైనదేనని ఆయన నమ్మకం. మన బిళ్లల్లో కూడా కాస్త సీసం కలపమన్నారు. సుహాసిని కలిపింది. ఎస్-6, ఎస్-7, ఎస్-8 అని మూడు బిళ్లలు తయారయ్యాయి.

వాటిని కొలిచినప్పుడు ఎప్పటి మార్పు ఎప్పటి చోటికి దగ్గర్లోనే, నూట ఎనభై కింద, వచ్చింది. దిమ్మె ఇంకా వేడెక్కుతూ సున్నా దగ్గరికి చేరేసరికి మీటరు మరోసారి లేచింది. అక్కడే ఉష్ణోగ్రత కూడా తడబడింది. ఇద్దరు సాక్షులూ ఒకే మాట చెప్పారు.

దివాకర్ సారు కుర్చీలోంచి లేచి, మళ్లీ కూర్చుని, మళ్లీ లేచారు. సున్నా డిగ్రీల దగ్గర అతివాహకం. కల్వకుర్తిలో.

సుహాసినికి మాత్రం ఆ సున్నా నచ్చలేదు. ఊరికే అంత గుండ్రటి అంకె ప్రకృతిలో ఎందుకు దొరుకుతుందని ఆమె అనుమానం. బయట వారం రోజులుగా ముసురు. గొట్టం మూత తీసినప్పుడల్లా తడిగాలి లోపలికి పోయి, చల్లటి దిమ్మె మీద, తీగచుట్టల మధ్య మంచులా పేరుకుంటోంది. మంచు కరిగేది సున్నా దగ్గరే. కరగడానికి వేడి తాగుతుంది కాబట్టి ఉష్ణోగ్రత తడబడుతుంది. ఆ నీళ్లు చుట్టల్లోకి ఇంకితే మీటరు కూడా కదులుతుంది. సాక్షులిద్దరికీ లంచమిచ్చింది నీళ్లేనని ఆమెకు దాదాపు ఖాయమైంది.

తేల్చుకోవడానికి మార్గం సులువు. బిళ్ల లేకుండా, ఉత్త దిమ్మెను ఒకసారి కొలవాలి. ఆ మాట సారుతో అంది.

“ఉత్త గిన్నె పొయ్యి మీద పెట్టి బువ్వ ఉడికిందా అని చూస్తమా?” అన్నారాయన.

పైగా, ఉన్న ఒక్క డబ్బా నైట్రోజన్ దండుగ చేయొద్దన్నారు. అప్పటికే ఆయన హైదరాబాదులో ఒక పెద్ద పరిశోధన సంస్థలో పనిచేసి రిటైరైన గ్రేస్ మేడమ్‌ను శనివారం రమ్మని పిలిచేశారు. జిల్లా విలేకరులకు కూడా చెప్పేశారు. ఇక సుహాసిని ఏమన్నా ఈ చెవిన విని ఆ చెవిన వదిలేయడమే.

గురువారం మధ్యాహ్నం ఆమె ల్యాబ్ మెట్ల మీద మొహం ముడుచుకుని కూర్చుంటే పెద్దులు పక్కనే సద్ది విప్పాడు. సర్వపిండి, పెనానికి ఒత్తి కాల్చిన బియ్యప్పిండి రొట్టె. అడుగు పూర్తిగా మాడి నల్లబడి ఉంది. వాన కురుస్తోందని దండెం మీది బట్టలు తీయబోయి అతని భార్య నర్సింగమ్మ పెనం సంగతి మరిచిందట. మాడింది అనకుండా తినాలె, అంటే రేపు అది కూడా ఉండదని పెద్దులు బాధపడ్డాడు. తర్వాత ఒక ముక్క విరిచి వెలుతురుకు పట్టి చూశాడు.

“మీ బిళ్లలకంటె గిదే నల్లగున్నది బిడ్డా.”

సుహాసిని ఆ ముక్క వైపు చూసింది. పెద్దులు వైపు చూసింది. ఆమె ముఖంలో మారిన రంగు చూసి పెద్దులు, ఏదో కానిపని జరగబోతోందని పసిగట్టి, ఎందుకైనా మంచిదని మిగతా సర్వపిండి గబగబా తినేశాడు.

ఉత్త గిన్నె పెట్టొద్దన్నారు సారు. బిళ్ల పెట్టొద్దనలేదు కదా. మాడిన ముక్కను రేకు కత్తెరతో గుండ్రంగా కత్తిరించి, ఆకురాయితో అంచులు నున్నగా చేసి, దిమ్మె గుంటలో కూర్చోబెట్టారు. ఒకచోట పైకి తేలిన నువ్వుగింజను పెద్దులు గోటితో గీకి తీసేశాడు. రిజిస్టరులో సుహాసిని అబద్ధం రాయలేదు. ‘ఎస్-9: బియ్యప్పిండి, నువ్వులు, పల్లీలు, కారం. ఇనుప పెనం మీద కాల్చినది’ అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది. సారు గ్రాఫు తప్ప రిజిస్టరు చూడరని ఆమెకు తెలుసు.

సాయంత్రానికి కొలత పూర్తయింది. నూట ఎనభై దగ్గర ఏమీ లేదు. ఎందుకుంటుంది? సున్నా దగ్గర మాత్రం మీటరు ఎప్పటిలాగే లేచింది. వేడి గీత అయితే మునుపటి కన్నా రెండింతలు ఎక్కువసేపు తడబడింది. సర్వపిండికి చిల్లులెక్కువ, తడి బాగా పీల్చుకుంది. ఇద్దరూ నోళ్లకు చేతులడ్డం పెట్టుకుని నవ్వుకున్నారు. పొద్దున సారుకు గ్రాఫు చూపించి, ఆయన ఔననగానే సంగతి చెప్పి, ఇకనైనా ఉత్త దిమ్మె కొలుద్దామనాలి. అదీ పథకం.

శుక్రవారం పొద్దున సారు గ్రాఫును అటు తిప్పి ఇటు తిప్పి చూశారు. పాత మార్పు ఏదీ అని అడిగారు. లేదు సార్ అంది సుహాసిని. ఇక దొరికిపోయాననుకుంది. ఆయన కళ్లు మెరిశాయి. పాత గుణం పూర్తిగా పోయిందంటే పదార్థం మొత్తం కొత్త గుణంలోకి మారిపోయిందన్నమాట! ఎస్-8లో సగమే మారింది, ఎస్-9లో సాంతం మారింది. రేపు అందరి ముందూ చూపించాల్సింది దీన్నే.

“సార్, అది బిళ్ల కాదు సార్,” అంది సుహాసిని.

“ఔను. బిళ్ల కాదు. చరిత్ర,” అన్నారాయన.

ఆమె మరోసారి నోరు తెరిచేలోపు ఆయన ఫోనులో ఎవరో విలేకరికి ఏ బస్సెక్కాలో చెబుతున్నారు. ఫోను పెట్టేదాకా ఎదురుచూసి మూడోసారి మొదలుపెట్టింది. ఆయన ఆమె భుజం తట్టి, ఈ పరిశోధన పత్రం మీద మొదటి పేరు నీదే ఉంటుంది, నాది నీ తర్వాతే అన్నారు. మూడేళ్లుగా ఎదురుచూస్తున్న మాట అది. సుహాసిని నోరు మూతపడింది. ఒక్క నిమిషమే. ఆ నిమిషంలో సారు తరగతికి వెళ్లిపోయారు. తర్వాత కాలేజీ అంతా వెతికినా దొరకలేదు. షామియానా వాడితో మాట్లాడటానికి ఊళ్లోకి వెళ్లారన్నారు.

శనివారం గ్రేస్ మేడమ్ బస్సు దిగి ఆటోలో వచ్చారు. పొట్టి మనిషి, నేత చీర, భుజాన గుడ్డ సంచి. సన్మానపు శాలువా తర్వాత కప్పుకుంటానని కుర్చీ మీద వేసి నేరుగా ల్యాబ్‌కు నడిచారు. వెనకే దివాకర్ సారు, ఇద్దరు విలేకరులు, తలుపు దగ్గర గుంపుగా పిల్లలు. గ్రాఫు చూసి మేడమ్ రెండే ప్రశ్నలడిగారు. గదిలో గాలి ఇంత తడిగా ఉందే, గొట్టం ఎలా ఆరబెడుతున్నారు అని ఒకటి. బిళ్ల లేకుండా కొలిచారా అని రెండోది. మొదటిదానికి సారు ఫ్యాను వైపు చూపించారు. రెండోదానికి సుహాసిని వైపు చూశారు. సుహాసిని నేల వైపు చూసింది.

మేడమ్ సంచిలోంచి చిటికెనవేలి గోరంత అయస్కాంతం తీశారు. సున్నా దగ్గర దాకా అతివాహకంగా ఉండేది, ఆ నైట్రోజన్‌లో ముంచితే తప్పకుండా అతివాహకమే కదా, దాని మీద ఈ అయస్కాంతం గాలిలో తేలాలి, చూద్దామన్నారు. సారు గర్వంగా తలూపారు. పెద్దులు ఎస్-9ని పట్టకారుతో తీసి థర్మాకోల్ గిన్నెలో పెట్టి నైట్రోజన్ పోశాడు. పొగలు పొర్లాయి. విలేకరులు ఫోన్లు ఎత్తారు. మేడమ్ అయస్కాంతాన్ని బిళ్ల మీద వదిలారు.

అది కుంటలో దిగిన బర్రెలా కదలకుండా కూర్చుంది.

మేడమ్ దాన్ని తీసి మళ్లీ పెట్టారు. మళ్లీ కూర్చుంది. మూడోసారి పెట్టబోతుండగా బిళ్ల టప్పున రెండు ముక్కలైంది. మేడమ్ కళ్లద్దాలు సర్దుకుని ఒక ముక్కను పట్టకారుతో పైకెత్తారు. విరిగిన చోట పల్లీ బద్ద ఒకటి తెల్లగా కనిపించింది.

ఈ పదార్థం ఎవరు తయారుచేశారని మేడమ్ నెమ్మదిగా అడిగారు. అడిగింది ఎవర్నో తేల్చుకోలేక పెద్దులు చేతులు కట్టుకున్నాడు.

“మా ఇంటామె చేసిందమ్మా. నర్సింగమ్మ.”

ఒక విలేకరి ఆ పేరు రాసుకున్నాడు.

సుహాసిని ముందుకొచ్చి రిజిస్టరు తెరిచి మేడమ్ ముందు పెట్టింది. జరిగింది జరిగినట్టు చెప్పింది. సున్నా మీద తన అనుమానం, ఉత్త దిమ్మె కొలవాలన్న కోరిక, సర్వపిండి, నిన్న చెప్పబోయి చెప్పలేకపోవడం. తప్పు తనదేనని, పెద్దులు కాకకు ఏమీ తెలియదని కూడా అంది. ఈ చివరి మాట ఒక్కటే అబద్ధం. మేడమ్ రిజిస్టరులో ఎస్-9 వరుస చదువుతున్నప్పుడు ఆవిడ పెదవుల చివర్లు అదిరాయి.

అందరూ దివాకర్ సారు వైపు తిరిగారు. ఆయన ముఖం ముందు పాలిపోయింది, తర్వాత ఎర్రబడింది. సుహాసిని తన ఉద్యోగం, పీహెచ్‌డీ ఒకేసారి పోతున్నట్టు ఊహించుకుంది. ఆయన మెల్లగా జేబురుమాలు తీసి నుదురు తుడుచుకుని, విలేకరుల వైపు తిరిగి, తరగతిలో మాట్లాడే గొంతుతో మొదలుపెట్టారు. ఈనాటి కార్యక్రమం ఉద్దేశమే ఇదట. కొలిచే పరికరం మనిషిని ఎలా మోసం చేస్తుందో పిల్లలకు కళ్లారా చూపించాలనే ఈ ప్రయోగం రూపొందించారట. విద్యార్థిని సుహాసిని తన సూచనల మేరకు చక్కగా సహకరించిందట.

పెద్దులు పైకప్పు వైపు చూశాడు.

గ్రేస్ మేడమ్ ఆయన్ను ఆపలేదు, ఔననలేదు. “మంచి పాఠమే. మరి సగంలో ఎందుకాపడం? ఉత్త దిమ్మెను కూడా ఇప్పుడే కొలుద్దాం,” అని స్టూలు లాక్కుని కూర్చున్నారు.

దిమ్మె చల్లబడి మళ్లీ వేడెక్కడానికి రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటలూ ఎవరూ కదల్లేదు. చాయ్ వచ్చింది, మిర్చీలు వచ్చాయి. సున్నా దగ్గరికి రాగానే మీటరు లేస్తుందని పెద్దులు ముందే చెప్పాడు. ఏమీ లేని దిమ్మె సున్నా దగ్గర నిజంగానే అతివాహకంలా ప్రవర్తించింది. తలుపు దగ్గర పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత సుహాసిని సీసం కలపని పాత బిళ్ల ఎస్-5ని నైట్రోజన్‌లో పెట్టింది. దాని మీద వదిలిన అయస్కాంతం గింజంత ఎత్తున గాలిలో నిలబడి మెల్లగా తిరిగింది. అప్పుడు అందరికన్నా ముందుకు వంగి చూసింది దివాకర్ సారే. ఇరవై ఏళ్లుగా చూస్తున్నదే అయినా, ఆ క్షణంలో ఆయన ముఖంలో విలేకరుల ధ్యాస లేదు.

మర్నాడు జిల్లా పేజీలో సారు ఫోటో వచ్చింది. సర్వపిండితో సైన్సు పాఠం చెప్పిన అధ్యాపకుడని రాశారు. కింద, ‘సర్వపిండి తయారీ: నర్సింగమ్మ’. సుహాసిని పేరు ఎక్కడా లేదు. ఆమె ఆ పేపరును నాలుగు మడతలు పెట్టి, విప్పి, మళ్లీ చదివి, కోపం తెచ్చుకోవాలని చూసింది. నవ్వే వచ్చింది.

సోమవారం సారు పిలిపించారు. గదిలో ఇద్దరే. ఆయన టేబుల్ మీది అద్దాన్ని గుడ్డతో తుడుస్తున్నారు.

“మంది ముందల నా ఇజ్జత్ తీసినవ్,” అన్నారు.

“మూడుసార్లు చెప్పనీకె వచ్చిన సార్.”

“రెండుసార్లు నేనే విన్లేదు. మూడోసారి నేనేం ఆపలేదు గద. నువ్వెందుకు ఆగినవ్?”

సుహాసినికి ఈ ప్రశ్న వస్తుందని తెలియదు. అబద్ధం వెతికింది, దొరకలేదు.

“మొదటి పేరు నాదే అన్నరు సార్. ఒక్క నిమిషం ఆశ పుట్టింది.”

ఆయన తుడవడం ఆపారు. ఆమె ముఖంలోకి చూసి, కుర్చీ వెనక్కి వాలి, పొట్ట కదిలేలా నవ్వారు. నవ్వు తగ్గాక, నాకు ఒక్క నిమిషం కాదు, నెలరోజులు పుట్టింది అన్నారు. తర్వాత కాగితం తీసుకుని, గొట్టం ఆరబెట్టేందుకు ఏమేం కావాలో చెప్పమన్నారు. ఆమె చెబుతుంటే రాసుకున్నారు. కాలేజీ కొననంటే తానే కొంటానన్నారు. పేపరులో వచ్చిన ముక్క గురించి ఆయన మాట్లాడలేదు, ఆమె అడగలేదు.

కొత్త రబ్బరు మూతలు, తేమ పీల్చే గింజల సంచులు రావడానికి పదిహేను రోజులు పట్టింది. ఖమర్ డబ్బా తెచ్చి, ఈసారి ఏం పిండి కాలుస్తున్నారని నవ్వి, జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయాడు. ముందు ఉత్త దిమ్మె కొలిచారు. సున్నా దగ్గర గీత నూలుపోగులా సాఫుగా సాగిపోయింది. తర్వాత ఎస్-8 పెట్టారు. సుహాసిని మీటరు ముందు, సారు ఆమె కుర్చీ వెనక, పెద్దులు హీటరు స్విచ్చు దగ్గర.

సున్నాకు నూట ఎనభై మూడు డిగ్రీల కింద మీటరు లేచింది. వేడి గీత కూడా అక్కడే సన్నగా, చూడటం తెలిసినవాళ్లకే తెలిసేంతగా, వంగింది. సీసం లేని బిళ్ల నూట ఎనభై ఒకటి దాకా నిలిచేది. ఇది రెండు డిగ్రీల ముందే చేతులెత్తేసింది. సీసం కలపడం వల్ల మేలు జరగలేదు, బిళ్ల గుణం కాస్త చెడిపోయింది.

సుహాసిని పెన్ను పట్టుకుని వెనక్కి తిరిగి చూసింది.

“రెండు డిగ్రీలు తగ్గింది సార్.”

దివాకర్ సారు మీటరు మీద నుంచి కళ్లు తిప్పలేదు.

“తగ్గిందనే రాయి,” అన్నారు.